టపాస్ బల్ల దగ్గర తొందర వద్దు: సందేహాలు - సమాధానాలు

సందేహం: మా ఇంటి దగ్గర కొత్తగా ఒక టపాస్, వైన్ బార్ తెరిచారు. ఆఫీసు స్నేహితులం నలుగురం శనివారం రాత్రి వెళ్లాం. అన్నీ చిన్న ప్లేట్లే కదా అని కూర్చోగానే ఒక డజను చెప్పేశాం. అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. టేబుల్ మీద చోటు చాల్లేదు, సగం చల్లారిపోయాయి, బిల్లు చూస్తే తడిసి మోపెడైంది. టపాస్ అంటే ఇంతేనా?
- ఒక పాఠకురాలు, కొండాపూర్

సమాధానం: ఇంతేనని మాత్రం అనుకోకండి. మీకు ఆర్డర్ తీసుకున్న అతను ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది. పెళ్లి విస్తరిలోలా అన్నీ ఒక్కసారే వడ్డించుకుంటే టపాస్ రుచి పోతుంది. స్పెయిన్ ఉత్తరాన శాన్ సెబాస్టియన్ పాతబస్తీ సందుల్లో సాయంత్రం పూట జనం ఒక బార్‌లో నిలబడి, ఆ బార్‌కి పేరు తెచ్చిన ఒకటో రెండో ముక్కలు తిని, చిన్న గ్లాసు తాగి పక్క బార్‌కి వెళ్లిపోతారు. అక్కడ వీటిని పింఛోస్ అంటారు. ఆలివ్, ఊరవేసిన పచ్చిమిర్చి, ఉప్పుచేప ఆంచోవీ కలిపి పుల్లకి గుచ్చే 'గిల్డా' ఆ ఊరిదే. 1946లో రీటా హేవర్త్ నటించిన సినిమా పేరే దానికి పెట్టారు. దక్షిణాన గ్రనడాలో డ్రింక్ చెబితే చాలు, ఏదో ఒక టపా ఉచితంగా ముందుకొస్తుంది.

మనకి బార్లు మారే వీలు లేదు కాబట్టి కూర్చున్న చోటే ఆ వరస పాటించాలి. ముందు ఆలివ్‌లు, టమాటా రుద్దిన రొట్టె లాంటివి రెండు చెప్పండి. అవి తింటూ మెనూ చదవండి. తర్వాత వేడివి రెండు. ఆకలి ఇంకా ఉంటే మళ్లీ రెండు. చెప్పేముందు ప్లేటుకి ఎన్ని ముక్కలొస్తాయో అడగండి. నలుగురున్న టేబుల్‌కి మూడు క్రోకెట్లు వస్తే ఎవరో ఒకరు మొహమాటపడాలి. ఇంకొకటి కలిపి నాలుగు పంపమంటే చాలా చోట్ల పంపుతారు.

కొత్త చోటు మంచిదో కాదో తేల్చుకోవాలంటే ఖరీదైనవాటి జోలికి పోకుండా తోర్తియా చెప్పండి. గుడ్లు, బంగాళాదుంప, ఆలివ్ నూనె, చాలామంది వేసే ఉల్లిపాయ, ఉప్పు, అంతే. మన ఆమ్లెట్‌లా పల్చగా ఉండదు, రెండు వేళ్ల మందాన ఉంటుంది. దుంప ముక్కలు నూనెలో కరకరలాడేలా వేగకూడదు, సన్నటి సెగ మీద మెత్తగా మగ్గాలి. చాకు దించితే అంచు గట్టిగా, నడిమధ్య తడితడిగా కనిపించాలి. మధ్యలో కూడా పొడిపొడిగా, స్పాంజిలా ఉంటే వంటింట్లో తొందర ఎక్కువైందని అర్థం. క్రోకెట్ కూడా అలాంటి పరీక్షే. పాలు, మైదా, వెన్నతో చిక్కగా కాచిన సాస్‌ని గంటల తరబడి ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, ఉండలు కట్టి, బ్రెడ్ పొడి అద్ది వేయించాలి. కొరికితే పైపొర కరకరలాడి, లోపల వెన్నలా జారాలి. లోపల ముద్ద కట్టి ఉంటే బయటినుంచి తెచ్చిన సరుకు కావచ్చు. వెల్లుల్లి రొయ్యలు మట్టి గిన్నెలో చిటపటలాడుతూ వస్తాయి. రొయ్యలు తినేసి గిన్నె పక్కకి నెట్టకండి. అడుగున ఉన్న నూనెలో రొట్టె ముంచుకుంటేనే ఆ వంటకం పూర్తయినట్టు.

ధర మాటకొస్తే, దిగుమతి చేసుకున్న హామ్‌కి, చీజ్‌కి ఎక్కువ పెట్టడంలో న్యాయముంది. బంగాళాదుంపల ప్లేటుకి కూడా అదే ధర వేస్తే నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోనక్కర్లేదు.

సందేహం: మా అమ్మానాన్నలు పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. డల్లాస్‌లో మా అబ్బాయి వాళ్లని కొత్త టపాస్ బార్‌కి తీసుకెళ్తానంటున్నాడు. తినడానికి ఏమైనా ఉంటాయా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: బాగానే ఉంటాయి, కాకపోతే అడిగి చెప్పాలి. సెవిల్ పద్ధతిలో చేసే పాలకూర-శనగలు పెద్దవాళ్లకి చక్కగా నచ్చుతాయి. జీలకర్ర, వెల్లుల్లి పడతాయి కాబట్టి కొత్తగా అనిపించదు. ఆండలూసియాలో వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసిస్తారు. గలీసియా నుంచి వచ్చిన పద్రోన్ మిరపకాయలు నూనెలో వేయించి రాతి ఉప్పు చల్లుతారు. చాలావరకు చప్పగానే ఉంటాయి, అక్కడొకటి ఇక్కడొకటి ఘాటుగా తగులుతుంది.

జాగ్రత్త పడాల్సినవి చెబుతాను. 'వెజిటేరియన్' అంటే సరిపోదు, గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పాలి. తోర్తియాలో గుడ్డు తప్పదు. చిక్కుళ్లలో, పుట్టగొడుగుల్లో హామ్ ముక్కలు వేయడం స్పెయిన్‌లో మామూలు. బ్రావాస్ అనే వేయించిన బంగాళాదుంపల మీద పోసే ఎర్ర సాస్‌లో కొన్నిచోట్ల మాంసపు స్టాక్ వాడతారు. మాంచెగో గొర్రెపాల చీజ్. ఆ పాలు విరగ్గొట్టడానికి సాధారణంగా జంతువుల కడుపు నుంచి తీసిన ఎంజైమ్ వాడతారు, కాబట్టి నియమం గట్టిగా పాటించేవాళ్లు వదిలేయాలి. వంకాయని వేయించే నూనెలోనే చేపలు కూడా వేయిస్తారా అన్నది మొహమాటం లేకుండా అడగమనండి. ముందురోజే ఫోన్ చేసి కనుక్కుంటే పెద్దవాళ్ల ముందు ఇబ్బంది ఉండదు.

సందేహం: వైన్ బాటిల్ చెబితే నా గ్లాసులో కొంచెం పోసి నావంక చూస్తూ నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక బాగుందన్నాను.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీకు నచ్చిందా లేదా అని అడగడానికి కాదు అతను ఆగింది. సీసా చెడిపోలేదు కదా అని మీచేత పరీక్ష చేయిస్తున్నాడు. గ్లాసు ఒకసారి తిప్పి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసనో, ముక్కిన వాసనో వస్తే కార్క్ వల్ల పాడైందని అర్థం. చెబితే మర్యాదగా మార్చివ్వాలి. ఆ వాసన లేకపోతే తలూపండి, చాలు. రుచి మీకు సరిపడలేదని వెనక్కి పంపకూడదు.

కొత్త బార్లలో గ్లాసుల లెక్కన తాగేవాళ్లు ఇంకో ప్రశ్న అడగాలి: "ఈ సీసా ఎప్పుడు తెరిచారు?" జనం ఇంకా అలవాటు పడని చోట తెరిచిన సీసాలు రోజుల తరబడి మిగిలిపోతాయి, వైన్ నీరసపడుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాకి 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి. ముగ్గురు నలుగురు ఒకే వైన్ తాగేటట్టయితే సీసా తెప్పించుకోవడమే నయం.

సందేహం: మాది గుంటూరు. కారం లేనిదే ముద్ద దిగదు. రెడ్ వైన్ తాగితే నోరు ఇంకా మండింది. ఎందుకలా?

సమాధానం: రెడ్ వైన్‌లో ఉండే వగరు, ఆల్కహాలు రెండూ మంటని పెంచుతాయి. కారం ఉన్న ప్లేటుతో కొంచెం తీపి ఉన్న రీస్లింగ్ అనే వైట్ వైన్, అదీ బాగా చల్లగా తీసుకోండి. వేపుళ్లకి, ఉప్పటివాటికి హెరెస్ ప్రాంతపు ఫీనో షెర్రీ దివ్యంగా ఉంటుంది. ఆల్కహాలు 15 శాతం ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసు చాలు. స్పెయిన్ వంటల్లో ఎరుపు చూసి కారమనుకోకండి. ఆ రంగునిచ్చే మిరపపళ్లని లా వేరా ప్రాంతంలో ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి పొడి కొడతారు. అందులో మంట కంటే పొగ రుచి ముందు తెలుస్తుంది. ఆ పొడి వేసిన వంటకం మీద కారం సాస్ చల్లుకోకుండా ఒకసారి తిని చూడండి.

సందేహం: నేను మందు ముట్టను. స్నేహితులతో వెళ్తే బాగుంటుందా? బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే కట్టాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: నిశ్చింతగా వెళ్లండి. స్పెయిన్ బార్లలో పులియబెట్టని ద్రాక్షరసం 'మోస్తో' అడిగి తాగేవాళ్లు ఉంటారు. ఇక్కడ దొరక్కపోతే సోడాలో నిమ్మకాయ పిండమనండి. తాగిన స్నేహితుల్ని ఇంటికి దించే పని మీ మీద పడితే అది వాళ్ల అదృష్టం. మన దేశంలో రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం.

సర్వీస్ చార్జి కట్టి తీరాలన్న రూలు లేదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమని అడగండి. వడ్డించినవాళ్లు బాగా చూసుకుంటే మీకు తోచింది వాళ్ల చేతికే ఇవ్వండి.