పోటీ పరీక్షల ప్రత్యేకం: ‘వుల్ఫ్’ – ఒకే పదం, పలు అర్థాలు

జీవశాస్త్రం: భారతీయ తోడేలు శాస్త్రీయ నామం కానిస్ లూపస్ పాలిపెస్. దట్టమైన అడవుల కన్నా పొదలు, గడ్డిభూములు, మెట్టపొలాల అంచులలో ఎక్కువగా జీవించే ఈ జంతువుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటు కల్పించి అత్యున్నత రక్షణనిచ్చింది. జార్ఖండ్‌లోని మహువాడాండ్ తోడేళ్లకే ప్రత్యేకించిన అభయారణ్యం కాగా, అభ్యర్థులు కర్ణాటకలో తోడేళ్లకు రక్షణనిచ్చే అభయారణ్యాలైన మేలుకోటె (మండ్య జిల్లా), బంకాపుర (కొప్పళ జిల్లా) పేర్లను తప్పక గుర్తుంచుకోవాలి.

భాష: సంస్కృతంలో తోడేలును ‘వృకం’ అంటారు, భీమునికి గల ‘వృకోదరుడు’ అనే పేరుకు తోడేలు ఉదరం వంటి ఉదరం గలవాడని అర్థం కనుక అది బహువ్రీహి సమాసం.

వైద్యం: లాటిన్‌లో తోడేలును సూచించే ‘లూపస్’, శరీర రక్షణ వ్యవస్థ సొంత కణజాలంపైనే దాడిచేసే వ్యాధికి పేరైంది.

ఖగోళం: అంతర్జాతీయంగా గుర్తించిన 88 నక్షత్రరాశులలో లూపస్ ఒకటి. అయితే 1867లో గుర్తించిన అత్యంత వేడి గల వుల్ఫ్–రాయే నక్షత్రాలకు, సౌరమచ్చల గణనలోని వుల్ఫ్ సంఖ్యకు జంతువుతో సంబంధం లేదు. అవి శాస్త్రవేత్తల పేర్లు.

పురస్కారం: 1978 నుంచి ఇజ్రాయెల్‌లో ఇస్తున్న వుల్ఫ్ బహుమతికి రికార్డో వుల్ఫ్ పేరు పెట్టారు, వరి శాస్త్రవేత్త గురుదేవ్ ఖుష్ 2000లో దీనిని అందుకున్నారు.