మూలిక చేతులు మారేచోట

వైద్యుడు చీటీలో వ్రాసిన మూలిక రోగి కడుపులోనికి చేరేలోగా ఎన్ని చేతులు మారుతుందో సాధారణంగా మనం ఆలోచించము. అడవిలో సేకరించినవారు దానిని వారపు సంతకు తెస్తారు. సంతలో కొన్న వర్తకుడు పట్టణంలోని టోకు వ్యాపారికి పంపుతాడు. అక్కడినుండి మూలికల అంగడికో, ఔషధ తయారీశాలకో పోతుంది. చిట్టచివర గృహిణి చేతికి వస్తుంది. ఈ మజిలీలన్నింటిలోనూ ఎవరి పని వారు నిజాయితీగా చేసినప్పటికీ మందు మారిపోవచ్చునన్నది ఈ పాఠంలో నేను చెప్పదలచిన విషయము. కల్తీ వేరు, ఇది వేరు. సరుకు ఒకరి చేతినుండి మరొకరి చేతికి పోతుంది గాని, దానిని గురించి మొదటివానికి తెలిసిన సంగతి రెండవవానికి అందదు. ప్రమాదమంతా ఆ సందులోనే ఉన్నది.

చరక సంహితలో సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఒక చక్కని మాట ఉన్నది. మేకలను, గొర్రెలను, ఆవులను కాచేవారికీ, వనవాసులకూ ఓషధుల నామరూపాలు తెలుసుననీ, అయితే నామరూపాలు తెలిసినంత మాత్రాన వాటి ప్రయోగం తెలిసినట్లు కాదనీ ఆచార్యుడంటాడు. దీనిని వైద్యుని ఆధిక్యాన్ని చాటే మాటగా చదివేవారే ఎక్కువ. నాకు మాత్రం ఇందులో మరొక అర్థం స్ఫురిస్తుంది. కాపరికి తెలిసినది వైద్యునికి పూర్తిగా తెలియదు, వైద్యునికి తెలిసినది కాపరికి తెలియదు. ఇద్దరూ సంప్రదించుకొన్నప్పుడే మూలిక మందవుతుంది. పూర్వం వారిరువురూ ఒకే ఊరివారు. నేడు వారి మధ్య వందల మైళ్ళ దూరమూ, నలుగురైదుగురు మధ్యవర్తులూ ఉన్నారు.

పేరు ఒకటి, మొక్కలు రెండు

అన్నిటికంటె ముందు జారిపోయేది పేరు. మన ఇళ్ళలో శంఖుపుష్పమంటే నీలి పూలు పూచే తీగ. ఉత్తరాది బజారులో శంఖపుష్పి అంటే నేలపై ప్రాకే వేరొక చిన్న మొక్క. మనవైపు సరస్వతి ఆకు అనబడే మండూకపర్ణిని అక్కడ అనేకచోట్ల బ్రాహ్మి పేరుతో అమ్ముతారు. గలిజేరు అనే పేరును మన పల్లెలలోనే రెండు వేరువేరు మొక్కలకు వాడుతున్నారు. పునర్నవ కావలసినవారు అటికమామిడి అని విడమరచి చెప్పకపోతే ఏది చేతికి వస్తుందో చెప్పలేము.

ఒక పర్యాయము నేను నీటి ఒడ్డున పెరిగే అసలు బ్రాహ్మి కొరకు శాస్త్రనామం సహితంగా చీటీ వ్రాసి ఇచ్చాను. ఆ చీటీ మొదటి అంగడిలోనే ఆగిపోయినది. అక్కడినుండి టోకు వ్యాపారికి టెలిఫోనులో ‘బ్రాహ్మి’ అన్న ఒక్క మాట మాత్రమే వెళ్ళినది. వచ్చిన మూట విప్పి చూస్తే ఎండిన సరస్వతి ఆకు! పంపినవారు తమ బజారు వాడుక ప్రకారం సరిగానే పంపారు. ఎవరిని నిందించగలము?

సరస్వతి ఆకు వలన ప్రాణభయం లేదు గనుక సరిపోయినది. బెల్జియం దేశంలో అట్లా జరుగలేదు. 1990-92 ప్రాంతంలో బ్రస్సెల్సు నగరంలోని ఒక వైద్యశాలలో స్థూలకాయం తగ్గుటకు ఇచ్చిన గుళికలలో చైనా మూలిక యొక్క చూర్ణం చేర్చారు. కావలసినది ‘హాన్ ఫాంగ్‌జీ’ అనే తీగ వేరు. వచ్చినది ‘గ్వాంగ్ ఫాంగ్‌జీ’ అనే వేరొక మొక్క వేరు. వ్యాపారంలో రెండింటికీ ‘ఫాంగ్‌జీ’ అనే పొట్టిపేరు వాడుకలో ఉండుటయే ఈ తారుమారుకు కారణమని తరువాత తేలినది. నూరుమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి తరువాతి కాలంలో మూత్రమార్గంలో కేన్సరు కూడ వచ్చినది. రెండవ మొక్క మన ఈశ్వరి వేరుకు, గాడిదగడపాకుకు దగ్గరి చుట్టము. వీటన్నిటిలోనూ ఆ విషపదార్థం ఉన్నది గనుక ఈ రెండింటినీ ఇంటివైద్యంగా లోనికి పుచ్చుకొనరాదని ఈ సందర్భంలో హెచ్చరిస్తున్నాను.

మన తిప్పతీగ విషయం ఇటీవలిదే. కరోనా కాలంలో దీనిని విరివిగా వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. 2022లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ అసలు తిప్పతీగ సురక్షితమేననీ, దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగ హాని చేయవచ్చుననీ వివరణ ఇచ్చినది. ఆ తీగ కాండం నిండా చిన్నచిన్న బొడిపెలుంటాయి, తుంచితే పాలవంటి ద్రవం వస్తుంది. ఈ వివాదం ఇంకా పూర్తిగా సమసిపోలేదు. కాలేయవ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగకుండా తిప్పతీగ వాడకుండుటే మేలు.

పచ్చిదా, ఎండుదా?

పేరు సరిగా ఉన్నంతమాత్రాన చాలదు. శార్ఙ్గధరుడు సాధారణంగా కొత్తగా ఎండిన ద్రవ్యాలను వాడమన్నాడు. పచ్చిది వాడవలసివస్తే రెట్టింపు తూకం తీసికొనమన్నాడు. తిప్పతీగ, అడ్డసరం, కొడిశపాల, పిల్లిపీచర, పెన్నేరు మొదలగు కొన్నింటిని మాత్రం ఎల్లప్పుడూ పచ్చివిగానే, రెట్టింపు చేయకుండా వాడమన్నాడు. కాబట్టి ‘రెండు తులాలు’ అని మాత్రమే వ్రాసిన చీటీ అసంపూర్ణము. వైద్యుడు ఎండుదానిని ఉద్దేశించి వ్రాయగా అంగడివాడు పచ్చిదిచ్చినా, అటుదిటైనా, తూకం సరిగానే ఉండి మోతాదు తప్పుతుంది.

త్రిఫల చూర్ణం తీసికొనండి. కరక్కాయ, తానికాయ, ఉసిరిక అని వ్రాసినప్పుడు వైద్యుని మనస్సులో ఉన్నది వాటి పెచ్చులు. అంగడిలో గింజలతో సహా కాయలు తూచి ఇస్తే, మరమిల్లువాడు వచ్చినదాన్ని వచ్చినట్లే ఆడించి ఇస్తాడు. గింజలు తీయవలసినది తాను కాదని ముగ్గురూ అనుకొంటారు. పెన్నేరు విషయంలో వేరుకు బదులు ఆకు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో తయారీదారులకే చెప్పవలసివచ్చినది.

ఎండబెట్టినవానికే నష్టము

ఇక తేమ సంగతి. ఇక్కడ లోపం మాటలో కాక ధరలో ఉన్నది. సంతలో సరుకు తూకానికి అమ్ముడుపోతుంది. బాగా ఎండబెడితే తూకం తగ్గుతుంది. అనగా శ్రద్ధగా పనిచేసినవానికి తక్కువ సొమ్ము, పచ్చివాసన పోకముందే తెచ్చినవానికి ఎక్కువ సొమ్ము! అట్టి మూట గోదాములో నెలరోజులుంటే బూజు పడుతుంది. టోకు వ్యాపారి సేకరించినవారిని తిడతాడు. ఎండు సరుకుకు ఎక్కువ ధర ఇస్తానని ముందుగా చెప్పి, ఆ మాట నిలబెట్టుకొంటే తిట్టవలసిన పనే ఉండదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తపసి బంకను రంగు, శుభ్రతలను బట్టి తరగతులుగా విభజించి, తరగతికొక ధర ఇచ్చి కొనుట ఇట్టి పద్ధతియే. ఏది మంచి సరుకో ధర ద్వారా అడవిదాకా తెలుస్తుంది. తిరుగుటపాలో మంచి బంక వస్తుంది.

ఇందరి మధ్య పొందిక కుదరాలంటే మూటతోపాటు ఒక చీటీ చివరిదాకా ప్రయాణించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఔషధ మొక్కల సేకరణపై వెలువరించిన మార్గదర్శకాలలో మొక్క శాస్త్రనామము, భాగము, సేకరించిన చోటు, తేదీ మూటపై ఉండాలని చెప్పినది. దీనికి నేను చేర్చేది ఒక్కటే. పుచ్చుకొనేవాడు చీటీలోని మాటలను ఇచ్చినవానికి తిరిగి చదివి వినిపించాలి. ‘అటికమామిడి, వేరు, ఎండుది, మొన్నటి మాఘమాసంలో త్రవ్వినది, అంతేనా?’ అని. తప్పు ఆ క్షణంలోనే బయటపడుతుంది. తరువాత బయటపడితే రోగి వద్దనే.

గృహిణులు తాము ఈ గొలుసులో లేమనుకొంటారు. నిజానికి చివరి కొక్కెము వారే. అంగడిలో పేరు చెప్పి ఊరుకొనక, ఏ భాగమో, పచ్చిదో ఎండుదో, ఎప్పటి సరుకో అడగండి. పొట్లంపై ముద్రించిన తేదీ మందు తయారైన తేదీయే గాని మూలిక కోసిన తేదీ కాదు. ఓషధులకు సంవత్సరం, చూర్ణాలకు రెండు మాసాలు గడిస్తే సత్తువ తగ్గుతుందని శార్ఙ్గధరుని లెక్క. ఇంట్లో సీసాలో పోసేటప్పుడు పొట్లం కాగితాన్ని పారవేయక, అందులో ఉన్న వివరాల ముక్కను సీసాకు అంటించండి. ఊరినుండి అత్తగారు పంపిన పొడి అయితే ఉత్తరం వ్రాసో, ఫోను చేసో వివరం కనుక్కొని అంటించండి. మరొక్క సంగతి. మూలికను మిల్లుకు పంపేముందు ఒక ముక్కను విడిగా కాగితంలో చుట్టి, పొడి అయిపోయేవరకు దాచి ఉంచండి. వాంతులో, దద్దురులో వచ్చి వైద్యుని వద్దకు పరుగెత్తవలసివస్తే సీసాతోపాటు ఆ ముక్కను కూడ పట్టుకొనిపోండి. పొడిని చూచి మొక్కను గుర్తుపట్టుట మాకు కష్టము. ముక్కను చూస్తే చాలవరకు చెప్పగలము.