క్యాబిన్ కిటికీలోంచి

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మలూ,

ఫోన్లో అయితే సగం మాటలు నాలోనే మింగేస్తాను, పైగా మీ అమ్మమ్మ పక్కనే కూర్చుని "అన్నం తింటోందో లేదో అడగండి" అంటూ మోచేత్తో పొడుస్తుంటుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందు ఆవిడ సంగతి తేల్చేస్తా. నిమ్మకాయ పచ్చడి, కందిపొడి మీ మావయ్య కారులో వస్తున్నాయి, హాస్టల్లో అందరికీ పంచేసి ఖాళీ సీసా కడుక్కుని కూర్చోకు. అయినా పంచుతావులే, మూడో క్లాసులో గొడుగు ఎవరికో ఇచ్చేసి తడిసి ముద్దై ఇంటికొచ్చినదానివి.

నువ్వు పీహెచ్‌డీలో చేరావని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ తిరుగుతున్నాను. దేనిమీద అంటారు. సినిమావాళ్ళకి పేరెలా వస్తుంది, జనం వాళ్ళని ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు అనేదాని మీద అంటే, నా మొహంలోకి ఓ క్షణం చూసి, "దానికి చదువెందుకండీ, మన సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చుంటే సరిపోదూ" అని నవ్వుతారు. మొదట్లో నాకూ కాస్త చిన్నతనంగానే ఉండేది, నీ దగ్గర దాపరికం ఎందుకు. ముప్పై ఏళ్ళు ప్రొజెక్టరు క్యాబిన్లో కార్బన్ల పొగ మింగి పిల్లల్ని చదివించింది, మళ్ళీ మనవరాలు సినిమా హాలు మెట్లెక్కడానికా అనుకున్నాను.

కిందటి ఎండాకాలం డాబా మీద పడుకుని నువ్వు చెప్పావే, 1956లో హార్టన్, వోల్ అని అమెరికాలో ఇద్దరు రాశారని, రేడియోలో, టీవీలో రోజూ కనిపించే మనిషి మనకి స్వయంగా తెలిసినవాడే అనిపిస్తాడని, ఆయనకి మనం ఎవరమో తెలియకపోయినా మన వైపు నుంచి స్నేహం నడుస్తూనే ఉంటుందని, ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. వాళ్ళది రాసిన మరుసటి ఏడే, 1957లో, మాయాబజార్ వచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. మా అమ్మ, అంటే నీ తాతమ్మ, రామారావు గారు కృష్ణుడిగా ఉన్న క్యాలెండరు దేవుడి గూట్లో పెట్టింది. సంవత్సరం అయిపోయాక కింద తేదీలు మాత్రం కత్తిరించేసి బొమ్మ ఉంచేసింది. ఆవిడకి ఆయన వేషగాడని తెలియక కాదు, బాగా తెలుసు. "ఆ కన్నయ్యకి కూడా ఇంత మంచి కిరీటం ఉండి ఉండదురా" అనేది. తిరుపతి వెళ్ళినవాళ్ళు బస్సుల్లో మద్రాసు పోయి ఆయన ఇంటి ముందు నిలబడి దర్శనం చేసుకొచ్చిన రోజులవి. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారంటే అదంతా కిరీటం మహిమేనని కొందరన్నారు. కిరీటం ఒక్కటే అని నేననుకోను, అది నువ్వు తేల్చు.

మన ఊరి చుట్టుపక్కల గాలిలోనే ఏదో ఉంది. సావిత్రి గారిది చిర్రావూరు, కృష్ణ గారిది బుర్రిపాలెం, జగ్గయ్య గారిది మోరంపూడి. అందుకే ఇక్కడ పుట్టిన ప్రతివాడూ అద్దం ముందు ఒకటి రెండేళ్ళు వృథా చేసుకుంటాడు, నేనూ చేసుకున్నాను. తర్వాత బుద్ధొచ్చి క్యాబిన్లో చేరాను. రెండు మిషన్లు, ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే బొమ్మ కుడివైపు మూలన చిన్న చుక్క మెరుస్తుంది, అది చూసి రెండోది అందుకోవాలి. నా బతుకంతా ఆ చుక్క కోసం కాచుకోవడమే. 1977 సంక్రాంతికి ఒకే రోజు రామారావు గారి దానవీరశూరకర్ణ, కృష్ణ గారి కురుక్షేత్రం విడుదలయ్యాయి. మా హాల్లో కర్ణ, దాదాపు నాలుగు గంటల బొమ్మ, మూడు వేషాలూ ఆయనవే, పైగా బుర్రిపాలెం పక్క ఊళ్ళో! హాలు బయట రెండు వర్గాలవాళ్ళూ కొట్టుకోకుండా మా మేనేజరు గారు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన పాతకాలం మనిషి. ఏ సినిమాలోనైనా రెండు నిమిషాల ముసలి వేషంలో నాగయ్య గారు కనిపిస్తే చాలు, హాల్లో ఎవరూ పట్టించుకోకపోయినా, ఆయనొక్కరూ లేచి నిలబడేవారు. వేమన, త్యాగయ్యలు వేసిన మనిషి, చేతికి ఎముక లేకుండా ఇచ్చేసి చివరికి చిన్న వేషాలకి వచ్చారని ఆయన బాధ. పేరు వచ్చినప్పుడు చూసినవాళ్ళు చాలామంది ఉంటారమ్మలూ, పోతున్నప్పుడు లేచి నిలబడ్డవాణ్ణి నేను ఆయన్నే చూశాను.

ఇక నీకు ఇప్పటిదాకా చెప్పనిదొకటి రాస్తాను. 1983లో చిరంజీవి గారి ఖైదీ ఆడుతుండగా పదిహేనేళ్ళ కుర్రాడొకడు కుర్చీ మీదెక్కి గెంతుతుంటే, రేకు కుర్చీ విరిగి, వెనకాల ఆడవాళ్ళు గొడవ చేస్తే, ఇంటర్వెల్లో నేను కిందికి దిగి వాడి చెంప పగలగొట్టాను. చెప్పి పంపేస్తే సరిపోయేది. వాడి జేబులోంచి చించుకొచ్చిన రంగు కాగితాల ముక్కలు రాలాయి, తెర మీదికి విసరడానికి తెచ్చుకున్నవి. వాడు ఏడవలేదు, వంగి ముక్కలన్నీ ఏరుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు పుట్టింది 2001లో, గుంటూరులో. ఆ రాత్రి మీ అమ్మకి రక్తం కావాలన్నారు, ఇంట్లో ఎవరి గ్రూపూ కుదరలేదు. 1998లో చిరంజీవి గారు హైదరాబాదులో రక్తనిధి పెట్టాక ఊరూరా అభిమానులు గ్రూపులు రాసుకున్న పుస్తకాలు పెట్టుకున్నారని ఎవరో చెబితే, తెనాలికి ఫోన్ కొట్టించాను. తెల్లవారుజామున రెండింటికి స్కూటరు మీద ఇద్దరు వచ్చారు. వాళ్ళలో ఒకడు "ఆపరేటరు గారూ" అని పిలిచాడు. చూడగానే పోల్చాను. రక్తం ఇచ్చింది అతనే. ఇచ్చాక టీ కూడా తాగకుండా, పొద్దున్నే సైకిల్ షాపు తెరవాలని వెళ్ళిపోయాడు.

అందుకే నువ్వు పంపిన ఎస్.వి. శ్రీనివాస్ గారి వ్యాసం, అభిమానిలో భక్తే కాదు ధిక్కారం కూడా ఉంటుందనీ, హీరో నుంచి రాబట్టుకునే హక్కు తనకుందని అనుకుంటాడనీ ఉన్నది, మీ అమ్మ చదివి చెబుతుంటే నేను తల ఊపాను. క్యాబిన్ కిటికీలోంచి నాకు కనబడింది వాళ్ళ వెనక తలకాయలే, మొహాలు కాదు. నీకు మొహాలు కనబడే చోటు దొరికింది. నీ తరంవాళ్ళకి రీలంటే అరచేతిలో అర నిమిషం అనుకో, మేం భుజాన మోసిన పెట్టెలు వేరు, అయినా చూసే కళ్ళు అవే.

ఒక్క భయం మాత్రం తీరడం లేదు. 2024 డిసెంబరులో హైదరాబాదులో ప్రీమియర్ షోకి పోయి తొక్కిసలాటలో ఓ తల్లి ప్రాణం పోగొట్టుకుంది, బిడ్డ ఆసుపత్రి పాలయ్యాడు. అది చూసినప్పటి నుంచి నువ్వు "ఫీల్డ్‌వర్క్" అన్నప్పుడల్లా మీ అమ్మమ్మ దీపం దగ్గర ఇంకాసేపు కూర్చుంటోంది. బెనిఫిట్ షోకి వెళ్ళు, వద్దనను, గేటు దగ్గర మాత్రం నిలబడకు, గోడ పక్కగా ఉండు, మొబైల్లో ఛార్జింగ్ ఉంచుకో. నీతో మాట్లాడేవాళ్ళకి ముందు టీ ఇప్పించు, పుస్తకం ఆ తర్వాత తియ్యి.

దసరాకి వచ్చినప్పుడు సైకిల్ షాపుకి తీసుకెళతాను. ఇప్పుడు అతనికి యాభై ఏడు, మోకాళ్ళ నొప్పులు, మొదటి రోజు మొదటి ఆట మాత్రం మానడు. ఆ గ్రూపుల పుస్తకం ఇంకా ఉందట, చూపిస్తానన్నాడు. నీకు కావలసినవన్నీ అడుగు. ఖైదీ రోజు సంగతి మాత్రం, ఇరవై నాలుగేళ్ళుగా ఎదురుపడినప్పుడల్లా నవ్వుతాడు గానీ, అతనికి గుర్తుందో లేదో నేను అడగలేదు. అది అడగాలనుకుంటే నన్ను పక్క కొట్టుకి సోడాకి పంపి అడుగు.

మీ తాతయ్య