పొగ ఎటు పోతోంది?

పల్నాటి వైపు ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, మూడు నెలల చంటిబిడ్డ.

పుష్యమాసం. చలి బాగా ఉంది. బిడ్డకు చలిగాలి తగలకూడదని అత్త తలుపు వేసింది. కిటికీ మూసింది. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కింది.

ఆ గది పక్కనే వంట. మధ్యలో గోడ లేదు. తడిక ఒక్కటే. తెల్లవారకముందే కోడలు పొయ్యి వెలిగిస్తుంది. పొయ్యిలోకి పత్తి కంప, కంది కంప. మంచుకు కంప చెమ్మగిల్లింది. మంట రాదు, పొగ వస్తుంది. కోడలు గొట్టంతో ఊదుతుంది. కళ్ళు తుడుచుకుంటుంది. మళ్ళీ ఊదుతుంది.

ఆ పొగ ఎటు పోతోంది? వంట దగ్గర కిటికీ లేదు. పైన పొగకంత లేదు. తడిక సందుల్లోంచి బిడ్డ పడుకున్న గదిలోకే పోతోంది.

అదొక్కటే కాదు. బిడ్డకు స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ. రాత్రి మంచం కింద కుంపటి. దోమలు కుట్టకుండా కాయిల్. అన్నీ బిడ్డ మీద ప్రేమతో చేస్తున్నవే.

నాలుగు రోజులుగా బిడ్డకు దగ్గు. "దిష్టి తగిలిందే అమ్మాయ్" అంది అత్త. ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని దిష్టి తీసింది. వాటిని పొయ్యిలో వేసింది. ఇంట్లో అందరూ దగ్గారు.

మూడో నెల నిండిందని బిడ్డను చూడ్డానికి ఆశ కార్యకర్త వచ్చింది. గదిలో అడుగు పెట్టగానే ఆమెకూ దగ్గు వచ్చింది.

"ముందు బాబును అరుగు మీదికి తీసుకురామ్మా" అంది.

బిడ్డ పాలు తాగి పడుకున్నాడు. ఏడవడం లేదు. ఆమె చొక్కా పైకి తీసింది. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. ఒక నిమిషం పూర్తిగా చూసింది. 56 సార్లు.

"ఇది దిష్టి కాదు పెద్దమ్మా. ఊపిరి ఎక్కువగా తీస్తున్నాడు. ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి."

ఈ లెక్క ప్రతి తల్లికీ తెలియాలి. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు 40. దగ్గుతో పాటు ఊపిరి ఇలా ఉంటే న్యుమోనియా కావచ్చు. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోయినా ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఆ బిడ్డకు డొక్కలు ఎగరడం లేదు. డాక్టరు మందు రాసి ఇచ్చాడు. ఇంటి దగ్గరే వేయమన్నాడు. తర్వాత అడిగాడు, "మీ ఇంట్లో వంట దేనిమీద?"

అత్తకు కోపం వచ్చింది. "పొగ వల్ల రోగం వస్తుందా బాబూ? మా అమ్మ ఇట్లాగే వండింది. నేనూ ఇట్లాగే వండాను. ఏడుగురిని కన్నాను."

ఆ ఏడుగురిలో ఇద్దరు ఏడాది నిండకుండానే దగ్గుతో పోయారు. ఆ మాట అత్త పైకి అనలేదు. వాళ్ళు దేనివల్ల పోయారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

న్యుమోనియా క్రిముల వల్ల వస్తుంది. మరి పొగకు ఏం సంబంధం? పొగలో కంటికి కనపడని నలుసులు ఉంటాయి. వెంట్రుక మందంలో 30వ వంతు కన్నా చిన్నవి. అవి ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. అక్కడ క్రిములతో పోరాడే బలం తగ్గిపోతుంది. ఇంట్లో పొగ పీల్చే ఐదేళ్ళ లోపు పిల్లలకు ఈ ముప్పు దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పెద్దవాళ్ళకు విడవని దగ్గు, ఆయాసం, కళ్ళలో శుక్లాలు వస్తాయి. 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ఆ సంస్థ అంచనా. పొయ్యి ముందు కూర్చునేది ఆడవాళ్ళు. వాళ్ళ ఒళ్ళో ఉండేది పిల్లలు.

కుంపటి సంగతి ఇంకా ఘోరం. నిప్పులకు పొగ కనపడదు. కాని వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి ఒంటికి ఆనించుకుని దుప్పటి కప్పాలి. తలకు టోపీ పెట్టాలి. సాంబ్రాణి బిడ్డ దగ్గర వద్దు. దోమల కాయిల్ కూడా చిన్నది కాదు. ఒక్క కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత నలుసులు వస్తాయని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దోమతెర కట్టుకుంటే పొగ ఉండదు.

ఆ ఇంట్లో గ్యాసు లేదా? ఉంది. 2016లో మొదలైన ఉజ్వల పథకం కింద వచ్చింది. సిలిండర్ మూలన ఉంది. దానిమీద గుడ్డ కప్పి ఉంది. చుట్టాలు వస్తే టీ పెట్టడానికి వాడతారు.

"గ్యాసుకు డబ్బు పోయాలి. కంప ఊరికే వస్తుంది కదా" అన్నాడు కొడుకు.

కోడలు ఎప్పుడూ ఎదురు చెప్పదు. ఆ రోజు చెప్పింది. "ఊరికే ఎక్కడ వస్తోంది? చేలో ఏరేది నేను. మోసుకొచ్చేది నేను. ఆసుపత్రికి ఆటో డబ్బులు అయినాయి. ఇద్దరికీ రెండు రోజుల కూలి పోయింది. అదంతా ఎవరి లెక్కలో రాస్తావు?"

ఆడమనిషి కష్టానికి కూలి కట్టరు. అందుకే కంప ఊరికే వచ్చినట్టు కనిపిస్తుంది.

కొడుకు మాట్లాడలేదు. మర్నాడు పొయ్యి పైన, కప్పు కింద నాలుగు ఇటుకలు ఊడదీశాడు. పొగకంత అయింది. తలుపుకు ఎదురుగా ఉంది కాబట్టి గాలి ఇటు వచ్చి అటు పోతోంది. కంపను ఎండబోసి కొట్టంలోకి చేర్చాడు. కట్టెల పొయ్యిని పెరట్లో పంచ కిందికి మార్చారు.

గ్యాసు పొదుపు కోడలు చూసుకుంది. పప్పు ముందే నానబెడుతోంది. గిన్నెల మీద మూత పెడుతోంది. అత్తకు గ్యాసంటే భయం. ఆశ కార్యకర్తే వచ్చి చూపించింది. సిలిండర్‌ను నిలబెట్టే ఉంచాలి. పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకూడదు. రెగ్యులేటర్ కట్టాలి, తలుపులు తెరవాలి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి.

ఆరో రోజుకు బిడ్డ దగ్గు తగ్గింది. అత్త కిటికీ దగ్గరికి వెళ్ళింది. సందుల్లో గుడ్డలు తానే పీకేసింది. పొగకు అవి నల్లగా అయ్యాయి.

"పొద్దున వంట గ్యాసు మీద చెయ్యి. సాయంత్రం పెరట్లో వండుకుందాం" అంది. "సిలిండర్ ఎన్నాళ్ళు వస్తుందో చూద్దాం. చదువుకుంటున్నావుగా, ఇవాళ్టి తేదీ రాయి."

కోడలు పొయ్యిలోంచి ఆరిన బొగ్గు తీసింది. సిలిండర్ పక్కన గోడ మీద తేదీ వేసింది.