బ్యాటరీకీ మితాహారమే మేలు

విద్యార్థులారా! మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లి అనే గ్రామం ఉంది. 2023 మే 6న అక్కడ అమర రాజా సంస్థవారి లిథియం బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు వెచ్చించి, ఏడాదికి 16 గిగావాట్ గంటల ఘటాలు తయారుచేయాలన్నది ఆనాడు ప్రకటించిన లక్ష్యం. ఒక గిగావాట్ గంట అంటే పది లక్షల యూనిట్లు. కారుకు 30 యూనిట్ల బ్యాటరీ చొప్పున లెక్క కట్టి చూడండి. ఐదు లక్షల కార్లకు పైగా సరిపోతాయి!

అయితే కొన్న బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది? ఇది తయారుచేసినవారి చేతిలోనే లేదు. చార్జింగు పెట్టేవారి చేతిలో కూడా ఉంది. ఎలాగో తెలుసుకుందాం.

ఘటం లోపల ఏం జరుగుతుంది?

లిథియం అయాన్ ఘటంలో రెండు ఎలక్ట్రోడులు ఉంటాయి. ఒకటి గ్రాఫైటు. రెండవది లిథియం ఉన్న లోహ ఆక్సైడు లేదా ఇనుప ఫాస్ఫేటు. వాటి మధ్య ఎలక్ట్రొలైటు అనే ద్రవం ఉంటుంది. చార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఈ ద్రవం గుండా ప్రయాణించి గ్రాఫైటు పొరల మధ్య చేరతాయి. బండి నడిచేటప్పుడు తిరిగి వెనక్కు వెళతాయి. ఈ ఘటాన్ని రూపొందించిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

గ్రాఫైటులో ప్రతి ఆరు కార్బన్ పరమాణువులకు ఒక్క లిథియానికే చోటు. జడ్చర్ల బస్టాండులో ఖాళీ బస్సు వచ్చిందనుకోండి. మొదట ఎక్కినవారికి సీట్లు వెంటనే దొరుకుతాయి. బస్సు నిండేకొద్దీ చోటు వెతుక్కోవడానికి సమయం పడుతుంది. అప్పుడు కూడా వెనకనుండి తోస్తుంటే ఏమవుతుంది? జనం ఫుట్‌బోర్డు మీదే నిలిచిపోతారు. ఘటంలోనూ అంతే. మరీ వేగంగా చార్జి చేస్తే అయాన్లు పొరల్లోకి వెళ్లలేక, గ్రాఫైటు ఉపరితలం మీదే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత మళ్లీ పనికిరాదు. అందుకే 80 శాతం దాటాక చార్జరు తానే వేగం తగ్గిస్తుంది.

బ్యాటరీకి ముగ్గురు శత్రువులు

మొదటిది అతివేగం. ఫాస్ట్ చార్జరు దూర ప్రయాణాలకు ఎంతో అవసరం. దానితో అప్పుడప్పుడు చార్జి చేస్తే భయం లేదు. రోజూ అదే అలవాటైతే వేడి పెరుగుతుంది, అరుగుదల కూడా పెరుగుతుంది. ఇంటి దగ్గర రాత్రిపూట నెమ్మదిగా చార్జి చేయడం మంచిది. నిదానమే ప్రధానం!

రెండవది అతినిండుదనం. పూర్తిగా నిండిన ఘటంలో వోల్టేజి ఎక్కువగా ఉంటుంది. ఆ స్థితిలో ఎలక్ట్రొలైటు త్వరగా చెడుతుంది. 100 శాతం చేసి వెంటనే ప్రయాణమైతే ఫరవాలేదు. నింపి వారాల తరబడి నిలిపి ఉంచడమే తప్పు. సున్నాకు దిగిన బండిని అలాగే వదిలేయడం కూడా హానికరం. అందుకే రోజువారీ వాడకానికి 20 నుండి 80 శాతం మధ్య ఉంచమంటారు.

మూడవది వేడి. ఇది మన జిల్లాల వారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గ్రాఫైటు మీద సహజంగా ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అది ఘటానికి రక్షణే. కాని వేడికి ఆ పొర మందమవుతూ లిథియాన్ని మింగేస్తుంది. కనుక బండిని వేపచెట్టు నీడన నిలపండి. ఎండలో నడిపి వచ్చిన వెంటనే కాక, కాసేపు చల్లారనిచ్చి చార్జింగు పెట్టాలి.

అన్ని బ్యాటరీలకూ ఒకే నియమమా?

కాదు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే సీసం-ఆమ్ల బ్యాటరీని నిండుగా ఉంచడమే మేలు. ఖాళీగా వదిలితే దాని పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. ఇనుప ఫాస్ఫేటు రకం లిథియం ఘటాలలో వోల్టేజి దాదాపు సమంగా ఉండడంవల్ల, మిగిలిన చార్జి ఎంతో లెక్క తప్పవచ్చు. అందుకని అలాంటి బండిని అప్పుడప్పుడు 100 శాతం దాకా చార్జి చేయాలి. ఎప్పుడెప్పుడన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఒక లెక్క

ఒక కారులో 30 యూనిట్ల బ్యాటరీ ఉంది. యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడుస్తుంది. కొత్తలో 210 కిలోమీటర్లు వస్తుంది. మహబూబ్‌నగర్ నుండి హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్లు. అంటే పోయి రావచ్చు. సామర్థ్యం 80 శాతానికి తగ్గితే 168 కిలోమీటర్లే వస్తుంది. తిరుగు దారిలో చార్జింగుకు ఆగక తప్పదు! కిరాయి ఆటో నడిపేవారికైతే తగ్గిన ప్రతి కిలోమీటరూ తగ్గిన సంపాదనే. విద్యుత్ బండిలో ఎక్కువ ఖరీదైన భాగం బ్యాటరీయే. దాన్ని ముందుగానే మార్చవలసివస్తే కుటుంబం మీద ఎంత భారమో ఊహించండి.

మీరు చేయండి

మీ వీధిలో విద్యుత్ స్కూటరు ఉన్నవారిని అడిగి, 80 నుండి 20 శాతానికి దిగేలోపు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో నెలకొకసారి నోటుబుక్కులో రాయండి. చార్జరు, వైర్లు మాత్రం ముట్టుకోకండి. ఆరు నెలల అంకెలతో గ్రాఫు గీయండి.

ఆలోచించండి

1. పై కారును 20 నుండి 80 శాతానికి నింపడానికి ఎన్ని యూనిట్లు కావాలి? 3 కిలోవాట్ల చార్జరుతో ఎన్ని గంటలు పడుతుంది? (వృథా అయ్యే విద్యుత్తును లెక్కలోకి తీసుకోకండి.)
2. వేసవి సెలవుల్లో నెల రోజులు ఊరికి వెళుతున్నారు. బండిని ఎంత శాతం చార్జితో, ఎక్కడ నిలిపి వెళతారు? ఎందుకు?

జవాబులు మీ సైన్సు మాస్టారుతో చర్చించండి.