ఓడలో ఐస్‌లాండ్ చుట్టూ

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలోని ద్వీపం. దాని మధ్యభాగం మంచు, లావా నేలలతో నిండి ఉంది. అందువల్ల ప్రజలు ఎక్కువగా తీరంలోనే నివసిస్తారు.

మీరు రాజధాని రేక్యవిక్‌లో ఒక చిన్న ఓడ ఎక్కారనుకోండి. అది ఇసాఫ్యోర్దుర్, సిగ్లుఫ్యోర్దుర్, అకురేరి రేవులలో ఆగుతూ సాగుతుంది. పూర్వం హిమానీనదాలు కోసిన లోయలలోకి సముద్రం చొచ్చుకువచ్చింది. వీటిని ఫియర్డులు అంటారు. ఈ ఊళ్లన్నీ ఫియర్డుల ఒడ్డునే ఉన్నాయి.

సిగ్లుఫ్యోర్దుర్ హెర్రింగ్ చేపల వల్ల పెరిగిన ఊరు. 1960ల చివర ఆ చేపలు కనుమరుగయ్యాయి. పనులు లేక చాలామంది ఊరు విడిచారు.

దక్షిణాన హేమాయ్ దీవి ఉంది. 1973 జనవరి 23న అర్ధరాత్రి దాటాక ఊరి పక్కనే నేల చీలి లావా వెలువడింది. ముందురోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. సుమారు 5,000 మంది వాటిలోనే తప్పించుకున్నారు. వందల ఇళ్లు పోయాయి. లావా రేవును మూసివేయబోగా, పంపులతో సముద్రపు నీరు చల్లి దానిని గట్టిపరిచారు. రేవు దక్కింది. వెళ్లినవారిలో చాలామంది తిరిగి వచ్చారు.

ఆలోచించి రాయండి: ఇళ్లు కాలిపోతున్నా రేవు కోసం అంతగా ఎందుకు పాటుపడ్డారు? సిగ్లుఫ్యోర్దుర్‌కు జరిగినదానితో పోల్చి మూడు వాక్యాలలో జవాబు రాయండి.