గాలితో బొమ్మల నాడించుట

వార్షికోత్సవమున నాటకమాడునపుడు బకాసురుని నోరు తెఱిపించుటకై తెరవెనుక నొక బాలుడు దారము పట్టుకొని నిలుచుట మన పాఠశాలలలో చిరకాలముగా నున్న పద్ధతి. దారము చిక్కుకొన్నచో రాక్షసుడు నోరు మూసుకొనియే భీమునితో పోరాడవలసివచ్చును. అమెరికా దేశమున ఏటేట అక్టోబరు 31వ తేదీన వచ్చు హాలోవీను పండుగకు కొందఱు తమ వాకిళ్లలో దయ్యపు బొమ్మలను నిలిపి, నొక్కిపట్టిన గాలిచేత వానిని దిగ్గున లేపుదురు. ఆ విద్యలోని తొలి మెట్లను మన నర్సీపట్నపు అంగళ్లలో దొరకు వస్తువులతోనే అభ్యసింపవచ్చును.

గాలి బలము మనకు క్రొత్తది కాదు. కమ్మరి కొలిమి తిత్తిని చూడుడు. తిత్తి నెత్తినపుడు తోలుమూత తెఱచుకొని గాలి లోనికి చొచ్చును; అదిమినపుడు ఆ మూత మూసికొనగా గాలి ముక్కుగొట్టము గుండ నిప్పులపైకి పోవును. సైకిలు పంపులోని తోలు వాషరు పనియు ఇట్టిదే. క్రీస్తుశకము తొలి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందలి హీరో అను పండితుడు, వేదికపై అగ్ని రగుల్పగా వేడిగాలి వ్యాపించి దేవాలయపు తలుపులను తెఱచు యంత్రమును వర్ణించెను. వెస్టింగ్‌హౌస్ 1869లో రైలుబండికి గాలిబ్రేకు కల్పించెను. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో బండి ఆగినపుడును కదలబోవునపుడును వినవచ్చు బుసబుస శబ్దము ఆ గాలిదే.

ఇక పనికి వత్తము. మందుల దుకాణమున సూదిలేని క్రొత్త పిచికారీలు రెండు, చేపలతొట్టికి వాడు సన్నని గొట్టము ఒక మీటరు కొనవలెను. ఒక పిచికారీ కాడను వెలికి లాగి, రెండవదాని కాడను లోనికి నెట్టి, రెంటి ముక్కులను గొట్టముతో కలుపవలెను. మొదటిదానిని నొక్కినచో రెండవదాని కాడ పైకి లేచును. 20 మి.లీ. పిచికారీ లోపలి వైశాల్యము సుమారు 3 చదరపు సెంటీమీటర్లు. కావున 300 గ్రాముల బరువు నెత్తుటకు, బయటి గాలి యొత్తిడికంటె చదరపు సెంటీమీటరుకు 100 గ్రాములు హెచ్చుగా నుండిన చాలును.

ఇచ్చటనే మేము మొదట పొరబడితిమి. నొక్కుట సులభమగునని చేతిలో 5 మి.లీ. పిచికారీని, బొమ్మవద్ద 20 మి.లీ. దానిని అమర్చితిమి. బకాసురుని దవడ కొంచెము వణకినదే గాని తెఱచుకొనలేదు. కారణము గొట్టములోని గాలి. 4 మిల్లీమీటర్ల రంధ్రముగల గొట్టము మీటరు పొడవున సుమారు 12 మి.లీ. గాలిని పట్టును. మనము నెట్టిన 5 మి.లీ.లలో ఒకటిన్నర వంతు ఆ గాలిని బిగించుటకే చెల్లిపోయెను. మిగిలినది బరువును సెంటీమీటరు మాత్రము లేపగలిగెను. రబ్బరు రాపిడి దానిని మఱింత తగ్గించెను. రెండు వైపులను 20 మి.లీ. పిచికారీలే పెట్టి, గొట్టమును కుఱుచ చేయగా కాడ దాదాపు 5 సెంటీమీటర్లు కదలెను. గాలికి బదులు నీరు నింపినచో ఈ నష్టము లేదు. కాని నీరు కారినచో కాగితపు రాక్షసుడు కరగిపోవును!

దవడను ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడు కఱ్ఱవంటి తేలిక కఱ్ఱతో చేయుట మేలు. కాడను దవడ కీలునకు సమీపమున తగిలించినచో కొన మిక్కిలి కదలును. బలము మాత్రము ఆ మేరకు తగ్గును.

నూతిలోనుండి దయ్యము లేవవలెనన్నచో పిచికారీ చాలదు. మడతబందు వేసిన పలక క్రింద కాలిబంతి బ్లాడరు నుంచి గొట్టముతో నూదుడు. పలకకు తగులు భాగము 200 చదరపు సెంటీమీటర్లైనచో, చదరపు సెంటీమీటరుకు 50 గ్రాముల యొత్తిడియే 10 కిలోల నెత్తగలదు. అంత యొత్తిడి మన యూపిరికి సాధ్యమే. చీపురుకఱ్ఱకు తెల్లగుడ్డ చుట్టిన దయ్యమునకు ఇది యెక్కువయే.

కాని ఒక మాట చెప్పక తీఱదు. ఒకమారు మా విద్యార్థి యొకడు మాకు చెప్పక, పీవీసీ నీటిగొట్టమునకు రెండు చివరల మూతలంటించి, సైకిలు పంపుతో గాలి నింపుచుండెను. జారిపడిన మరచీలను తీయుటకు అతడు వంగినపుడే గొట్టము ప్రేలెను. ఒక ముక్క అతడు నిలిచియున్న తావు వెనుకనున్న తలుపులో గ్రుచ్చుకొనెను. నీరు నిండిన గొట్టము పగిలిన యొత్తిడి వెంటనే పడిపోవును. గాలి యట్లుగాక వ్యాపించుచు ముక్కలను బాణములవలె విసరును. పీవీసీ గొట్టము, గాజుసీసా, మూత బిగించిన డబ్బా — వీనియందు గాలి నెన్నడును నింపరాదు. కంప్రెసరును పెద్దలు లేక ముట్టరాదు. పంపు గాలిని శరీరముపైకి, వేడుకకైనను, విడువరాదు.

గాలి యెక్కడ పోవుచున్నదో తెలియనిచో అతుకులపై సబ్బునీరు పూసి బుడగలను చూడుడు. మా నాటకపు రాత్రి బకాసురుని నోరు ఆఱుమారులు చక్కగా తెఱచుకొనెను. ఏడవమారు గొట్టము ముక్కునుండి ఊడిపోయెను. అతుకును దారముతో కట్టుట మఱచితిమి.